పాత స్మోక్ డిటెక్టర్ల వెనక మూడు రెక్కల గుర్తు ఉంది, పాత ఇనుము వాడికి ఇచ్చేయొచ్చా?

కరెంటు శీను (హైదరాబాద్) · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ కాంట్రాక్టులు చేస్తుంటాను. 1998లో కట్టిన ఒక ఆఫీసు బిల్డింగులో ఫాల్స్ సీలింగ్ మొత్తం పీకేసి కొత్తది వేస్తున్నాం. నాలుగు అంతస్తుల్లో దింపిన స్మోక్ డిటెక్టర్లన్నీ, ఓ నలభై దాకా ఉంటాయి, ఒక సిమెంటు సంచిలో వేసి, స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని షెడ్డుకి తెచ్చాను.

ఇవాళ సాయంత్రం మా కుర్రాడు ఒకటి తిరగేసి చూపించాడు. వెనక పసుపు స్టిక్కరు, దాని మీద మూడు రెక్కల ఫ్యాను లాంటి గుర్తు, కింద అమెరీషియం 241 అని చిన్న అక్షరాలు. అప్పట్నుంచి టెన్షన్. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. నేను ఆ సంచి మోసుకొచ్చిన చేతుల్తోనే దాన్ని ఎత్తుకున్నాను.

పాత ఇనుము వాడు సంచి మొత్తానికి ఆరొందలు ఇస్తానని రేపు పొద్దున్నే వస్తానన్నాడు. ఇచ్చేయనా? మా ఓనరు గారు "ఏం కాదు, తీసి అవతల పారెయ్" అంటున్నాడు.

కోనసీమ కొంటెకోణంగి · 9:52

నలభై కలిపి గట్టిగా నొక్కితే బాంబు అవుతుందా అన్నా? షెడ్డు అడ్రసు చెప్పు, అటు రాకుండా ఉంటా.

ఎన్డీటీ బాబ్జీ (విశాఖ) · 10:05

శీనూ, ముందు ఆ పాత ఇనుము వాడికి ఫోన్ చేసి రావొద్దని చెప్పు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కరెంటు శీను · 10:11

చెప్పేశాను అన్నా. వాడు ఏడొందలిస్తానన్నాడు.

ఎన్డీటీ బాబ్జీ · 10:34

వెయ్యి ఇస్తానన్నా వద్దు.

నేను పద్నాలుగేళ్లుగా ఆర్‌టీ పనిలో ఉన్నా. రిఫైనరీల్లో పైపుల వెల్డింగు లోపల బాగుందో లేదో ఇరీడియం సోర్సుతో ఫిల్ము తీసే పని. కాబట్టి ఇది పుస్తకంలో చదివి చెప్పేది కాదు.

నీ పాపకి ఏమీ కాదు. కారణం విను. ఆ మూడు రెక్కలది రేడియేషన్ గుర్తు. ఆ డిటెక్టర్‌లో అమెరీషియం అనే రేడియోధార్మిక లోహం గ్రాములో కోటి వంతులకి మూడు వంతులుంటుంది. కంటికి కనబడదు. దాన్ని బంగారంతో కలిపి పల్చటి రేకులా చేసి, చిన్న బిళ్లలో బిగించి పెడతారు. అందులోంచి వచ్చేది ముఖ్యంగా ఆల్ఫా కణాలు. గాలిలో నాలుగు సెంటీమీటర్లు పోయేసరికి వాటి పని అయిపోతుంది. కాగితం ముక్క అడ్డం పెట్టినా ఆగిపోతాయి. ప్లాస్టిక్ డొప్ప దాటి నీ కాళ్ల దాకా రాలేవు. దాంతోపాటు కాస్త బలహీనమైన గామా కూడా వస్తుంది, అది సంచి దాటుతుంది. కానీ నలభైకి కలిపినా, నువ్వు స్కూటీ మీద తిరిగిన కాసేపటికీ లెక్కేస్తే ఒక ఛాతీ ఎక్స్‌రేలో చిన్న వంతు.

మరి భయమెక్కడ? అది లోపలికి పోతేనే. ఎవడో రాగి కోసం సుత్తితో పగలగొట్టి, ఆ బిళ్ల గీకి, ఆ పొడి చేతికంటుకుని, ఆ చేత్తోనే బీడీ తాగితే. లేదంటే ప్లాస్టిక్‌తో సహా తగలబెడితే. బయట కాగితం ఆపేసే ఆల్ఫాకి ఊపిరితిత్తి లోపల అడ్డం పెట్టడానికి కాగితం ఉండదు కదా. పాత ఇనుము కొట్టువాడు చేసేవి సరిగ్గా ఆ రెండు పనులే.

కాబట్టి ఏదీ విప్పొద్దు. సంచిని ఒక మూతున్న డబ్బాలో పెట్టి షెడ్డులో మూలన తాళం వెయ్. చేతులు సబ్బుతో కడుక్కో. పడుకో.

కరెంటు శీను · 10:41

దేవుడిలాంటివాడివి అన్నా. అసలు ఫైర్ అలారంలో ఈ గోల ఎందుకు పెట్టారు?

ఎన్డీటీ బాబ్జీ · 10:58

నువ్వు ఎలక్ట్రికల్ వాడివి, నీకు ఇట్టే అర్థమవుతుంది. లోపల రెండు ప్లేట్లు, మధ్యలో గాలి. మామూలుగా గాలిలోంచి కరెంటు పోదు. ఆల్ఫా కణాలు ఆ గాలిని కొట్టి అయాన్లు చేస్తాయి, దాంతో ప్లేట్ల మధ్య సన్నటి కరెంటు పారుతూ ఉంటుంది. పొగ వస్తే ఆ అయాన్లు పొగ రేణువులకి అతుక్కుని బరువెక్కి నెమ్మదిస్తాయి. కరెంటు పడిపోతుంది, సర్క్యూట్ అది కనిపెట్టి అలారం మోగిస్తుంది. అంతే. ఇప్పుడు కొత్తగా వేసేవి ఎక్కువగా లైటుతో పనిచేసే ఆప్టికల్ రకం, వాటిలో ఈ గుర్తు ఉండదు. నీ కొత్త డబ్బాలు తిరగేసి చూసుకో.

డాలస్ బావ · 11:20

ఇక్కడ మా ఇంట్లో రెండున్నాయి, సూపర్ మార్కెట్‌లోనే దొరుకుతాయి. అమెరికాలో చాలా చోట్ల ఇంట్లో ఒకటీ అరా అయితే చెత్త డబ్బాలో వేసేయొచ్చు. మీరు మరీ భయపెడుతున్నారేమో బాబ్జీ గారూ.

ఎన్డీటీ బాబ్జీ · 11:31

మీ చెత్త లారీలో ఎక్కి నేరుగా గుంతలో పూడ్చబడుతుందండీ. మన చెత్త పది చేతులు మారుతుంది. ఆ పది చేతుల్లో ఒకటి చిన్నపిల్లాడిది.

పెద్ద మాస్టారు (తెనాలి) · ఆదివారం ఉదయం 6:15

బాంబు గురించి అడిగిన కొంటెకోణంగి బాబుకి. నవ్వులాటకి అడిగినా మంచి ప్రశ్నే. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను, వాళ్ల పేపర్లు దిద్దాను. అన్నిటికంటే ఎక్కువ మంది తప్పు రాసేది ఇక్కడే. విఘటనం, విచ్ఛిత్తి ఒకటే అనుకుంటారు. పేర్లు కూడా అలాగే తగలబడ్డాయి మరి.

అమెరీషియం చేసేది విఘటనం. దాని కేంద్రకం తనంతట తానే ఒక ఆల్ఫా కణాన్ని వదిలేసి నెప్ట్యూనియం అయిపోతుంది. ఎవరూ తట్టి లేపక్కర్లేదు, ఎవరూ ఆపలేరు. చెట్టు నుంచి పండుటాకు రాలినట్టు. ఇవాళ ఏ ఆకు రాలుతుందో చెప్పలేం గానీ, సగం ఆకులు రాలడానికి ఎంత కాలం పడుతుందో కచ్చితంగా చెప్పగలం. అమెరీషియానికి ఆ అర్ధాయువు 432 ఏళ్లు. శీను గారి డిటెక్టర్లకి 27 ఏళ్లు నిండాయనుకుంటే నూటికి నాలుగు వంతులు తగ్గి ఉంటుంది. పాతబడింది కదా, పస పోయి ఉంటుందిలే అనుకోవడానికి లేదు.

విచ్ఛిత్తి కథ వేరు. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి చూస్తే అందులో బేరియం కనబడింది. యురేనియం 92వ మూలకం, బేరియం 56వది. అప్పటిదాకా అందరూ చూసింది మూలకాల పట్టికలో ఒకటి రెండు గళ్లు అటూ ఇటూ జరగడమే. పక్క వీధికి వెళ్లొస్తానన్న మనిషి కాశీలో తేలితే ఎలా ఉంటుంది? హాన్ కెమిస్ట్రీ మనిషి, తన కళ్లను తనే నమ్మలేక లీజ్ మైట్నర్‌కి ఉత్తరం రాశాడు. ఆవిడ అతనితో ముప్పై ఏళ్లు కలిసి పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. యూదు కుటుంబంలో పుట్టినందుకు ఆ ఏడాది వేసవిలోనే జర్మనీ వదిలి స్వీడన్ చేరుకుంది.

క్రిస్మస్ సెలవులకి ఆవిడ అక్క కొడుకు ఆటో ఫ్రిష్ చూడటానికి వచ్చాడు. అతనూ ఫిజిక్సే. ఇద్దరూ మంచులో నడకకి వెళ్లారు, అతను స్కీల మీద, ఆవిడ కాలినడకన. దారిలో ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని, జేబులో ఉన్న కాగితం ముక్కల మీద లెక్క వేశారు. కేంద్రకాన్ని గట్టి గోళీలా కాకుండా తామరాకు మీద నీటిబొట్టులా ఊహించుకోండి. యురేనియంది పెద్ద బొట్టు, అసలే ఊగిసలాడుతూ ఉంటుంది. ఒక న్యూట్రాన్ వచ్చి చేరగానే ఇంకాస్త ఊగి, నడుము దగ్గర సన్నబడి, రెండు బొట్లుగా విడిపోతుంది. ఆ రెండూ ధన ఆవేశమే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుని దూసుకుపోతాయి. ఆ తోపు ఎంతో లెక్కేస్తే 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులొచ్చింది (పరమాణువుల దగ్గర శక్తిని కొలిచే కొలత అది). విడిపోయినప్పుడు తగ్గే బరువు ఎంతో చూస్తే ప్రోటానులో ఐదో వంతు. ఐన్‌స్టీన్ సూత్రంలో పెడితే అది కూడా సరిగ్గా 200. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి.

ఆ అంకె ఎంత పెద్దదో చూడండి. ఒక కార్బన్ పరమాణువు కాలితే వచ్చేది నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు. అమెరీషియం వదిలే ఒక్క ఆల్ఫాకి ఐదున్నర మిలియన్లు. ఒక విచ్ఛిత్తికి 200 మిలియన్లు.

దాంతోపాటు రెండో మూడో న్యూట్రాన్లు బయటపడతాయి. వాటిలో సగటున ఒకటి ఇంకో కేంద్రకాన్ని చీల్చగలిగితే గొలుసు నడుస్తూనే ఉంటుంది. ఒకటికి తగ్గితే ఆరిపోతుంది. పెరిగిపోతే ఏమవుతుందో హిరోషిమాలో చూశాం. రియాక్టరు అంటే ఆ ఒకటిని ఒకటిగానే ఉంచే పొయ్యి.

ఇక శీను గారి సంచిలో ఉన్నది నలభైకి కలిపి పన్నెండు మైక్రోగ్రాములు. అమెరీషియంతో గొలుసు నడవాలంటే పదుల కిలోలు కావాలి. కోణంగి బాబు నిశ్చింతగా రావచ్చు.

ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1944 కెమిస్ట్రీ నోబెల్ హాన్ ఒక్కడికే ఇచ్చారు. మైట్నర్‌కి ఇవ్వలేదు.

కోనసీమ కొంటెకోణంగి · 7:02

మాస్టారూ, మీరు మా కాలేజీలో ఉండుంటే నేను బీకాం చదివేవాణ్ని కాదు. ఇంకో డౌటు. నా బండి వెనక రేడియం స్టిక్కరు వేయించా, రాత్రి భలే మెరుస్తుంది. దానికి కూడా 432 ఏళ్లేనా?

పెద్ద మాస్టారు · 7:20

అందులో రేడియం లేదు నాయనా. సన్నటి గాజుపూసలు గానీ, పట్టకాల వరసలు గానీ ఉంటాయి, ఎదుటి బండి లైటుని వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. లైటు పడకపోతే అది మెరవదు, చీకట్లో చూసుకో. పిల్లల గదిలో అంటించే చుక్కలు వేరే రకం, వెలుతురు తాగి కాసేపు వదులుతాయి. అందులోనూ రేడియం లేదు.

ఊరూరా "రేడియం షాపు" అన్న బోర్డు ఉంటుంది చూడు, ఆ పేరు ఎప్పటిదో. వంద ఏళ్ల కిందట గడియారం ముళ్లకి నిజంగానే రేడియం రంగు పూసేవారు. అమెరికాలో ఆ పని చేసిన అమ్మాయిలకి కుంచె మొన సన్నగా రావాలంటే పెదాలతో సరిచేసుకోమని నేర్పారు. రేడియం కాల్షియంలాగే ఎముకల్లో చేరుతుంది. దవడలు కుళ్లాయి, చాలామంది చనిపోయారు. న్యూజెర్సీలో ఐదుగురు అమ్మాయిలు కోర్టుకెక్కితే 1928లో రాజీ కుదిరింది. పనిచేసేచోట రక్షణ నియమాలు గట్టిపడటానికి ఆ కేసులు ఒక కారణం. ఆ రంగు పోయి దశాబ్దాలైంది, మన దగ్గర పేరు మాత్రం స్టిక్కర్ల షాపులకి మిగిలింది.

గోదారి గట్టు · 8:10

మాస్టారూ, పెట్రోమాక్స్ లైటు సంగతి కూడా చెప్పండి. మా చిన్నప్పుడు మా ఊళ్లో పెళ్లైనా, బుర్రకథైనా, శవజాగారమైనా అదే వెలుగు. మా తాతయ్య మాంటిల్ కట్టేటప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తెల్లటి పట్టు సంచిలా ఉండేది. దారంతో ముడేసి, ఒకసారి వెలిగిస్తే గుడ్డంతా కాలిపోయి బూడిద బొమ్మలా నిలబడేది. వేలు తగిలితే పొడి. ఆ పొడి ఎన్నిసార్లు ఊదామో! అందులో థోరియం ఉంటుందని ఈ మధ్య ఎక్కడో చదివి గుండె ఝల్లుమంది.

పెద్ద మాస్టారు · 8:45

నిజమే. ఆస్ట్రియాకి చెందిన వెల్స్‌బాక్ 1891లో కుదిర్చిన పాళ్లు అవి, 99 వంతులు థోరియం ఆక్సైడ్, ఒక వంతు సీరియం ఆక్సైడ్. కానీ ఆ వెలుగుకీ రేడియోధార్మికతకీ సంబంధం లేదు. ఆ మిశ్రమం వేడెక్కితే తెల్లగా వెలుగుతుంది, అంతే. థోరియం అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్లు. అంటే బహు నిదానంగా విఘటనం చెందుతుంది, ఒక మాంటిల్‌లో ఉన్నదాని వల్ల మీకు కొత్తగా వచ్చే జబ్బేమీ లేదు. అయినా ఊదడం మంచిది కాదు. మీ తాతయ్య మాంటిల్ ఖరీదు గురించి తిట్టి ఉంటారు గానీ, తెలియకుండానే మంచి పని చేశారు. ఇప్పుడు చాలా మాంటిల్స్‌లో థోరియం బదులు ఇట్రియం వాడుతున్నారు.

ఆ థోరియం దూరం నుంచేమీ రాలేదు. కేరళ తీరంలోనూ, మన భీమిలి, శ్రీకాకుళం తీరాల్లోనూ ఇసకలో మోనజైట్ ఉంటుంది, థోరియం అందులోదే.

జుబైల్ వెల్డర్ · 9:30

థోరియం అంటే గుర్తొచ్చింది. టిగ్ వెల్డింగులో ఎర్ర మూతి టంగ్‌స్టన్ రాడ్లలో కూడా రెండు శాతం థోరియం ఉంటుంది. ఆర్క్ తొందరగా పట్టుకోవడానికి. వెల్డింగు చేస్తే పెద్దగా ఏం కాదు, మొన చెక్కుకోవడానికి గ్రైండర్ మీద పెట్టినప్పుడు వచ్చే దుమ్ముతోనే పేచీ. మా సైటులో మాస్కు లేకుండా చెక్కితే ఇంటికి పంపిస్తారు. మన ఊళ్లో వర్క్‌షాపుల్లో నోటికి తువ్వాలైనా కట్టరు. లాంథనం కలిపిన రాడ్లు దొరుకుతున్నాయి, బంగారు రంగు మూతి, నీలం మూతి. రేటులో పెద్ద తేడా లేదు. తమ్ముళ్లెవరైనా ఉంటే అవి తీసుకోండి.

హాట్‌ల్యాబ్ అక్క (విజయవాడ) · 11:15

నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. మాస్టారు గారి రెండు బొట్ల దగ్గర నాదొక మాట కలుపుతాను. యురేనియం చీలినప్పుడు ప్రతిసారీ బేరియమే రాదు, ఒక్కోసారి ఒక్కో జంట వస్తుంది. అందులో వందకి ఆరుసార్లు మాలిబ్డినం 99 వస్తుంది. నా జీతం దాని మీదే.

మా దగ్గరికి సీసం కవచంలో ఒక డబ్బా వస్తుంది, జెనరేటర్ అంటాం. లోపల గొట్టంలో మాలిబ్డినం పట్టుకుని ఉంటుంది. దాని అర్ధాయువు 66 గంటలు, అది కరుగుతూ టెక్నీషియం 99ఎం అవుతుంటుంది. పొద్దున్నే వచ్చి, ఒక పక్క సూదికి సెలైన్ సీసా, ఇంకో పక్క సూదికి గాలి తీసేసిన సీసా గుచ్చుతాను. ఖాళీ సీసా తనంతట తానే సెలైన్‌ని లాక్కుంటుంది, టెక్నీషియం అందులో కొట్టుకొస్తుంది. పాలు పితకడం అనే అంటాం, నిజంగానే. మళ్లీ మర్నాటికి పొదుగు నిండుతుంది, కాస్త తక్కువగా. వారం తిరిగేసరికి ఆవు వట్టిపోతుంది, కొత్తది రావాలి.

టెక్నీషియం అర్ధాయువు ఆరు గంటలే. ఇవాళ పది గంటలకి ఎముకల స్కాన్‌కి సూది వేయించుకుంటే, విసర్జనలో పోయేది వదిలేసినా రేపు పదింటికి పదహారో వంతు మిగులుతుంది. మూడు గంటలు కూర్చోబెట్టి, నీళ్లు బాగా తాగించి, బాత్రూముకి పంపించి స్కాన్ తీస్తాం. పేషెంట్లు అడిగేది ఒక్కటే ప్రశ్న, "మెషీన్ నుంచి రేడియేషన్ వస్తుందా అమ్మా?" మెషీన్ నుంచి కాదండీ, ఇప్పుడు మీ నుంచే వస్తోంది, మెషీన్ చూస్తోందంతే అని చెప్తే బిక్కమొహం వేస్తారు. ఇప్పుడు ఆ మాట చెప్పడం మానేశాను.

థైరాయిడ్‌కి ఇచ్చే అయొడిన్ 131 కాస్త గట్టిది, ఎనిమిది రోజుల అర్ధాయువు. క్యాన్సర్‌కి ఎక్కువ డోసు ఇస్తే గదిలో విడిగా ఉంచుతాం. ఆ మధ్య ఒకావిడకి ఏడాదిన్నర బాబు. ఇంటికి పంపేటప్పుడు కొన్నాళ్లు బాబుని ఒళ్లో పెట్టుకోవద్దని చెప్పాను. ఆవిడ ఏడవలేదు, వాదించలేదు. "తలుపు సందులోంచి చూడొచ్చా?" అని అడిగింది. చూడొచ్చమ్మా, ఎంతసేపైనా చూడొచ్చు అన్నాను. శీను గారూ, మీ పాపని మీరు హాయిగా ఎత్తుకోండి. మీ సంచికీ దీనికీ పోలికే లేదు.

డాలస్ బావ · 11:50

మా అత్తయ్యకి ఆ అయొడిన్ ఇచ్చిన నెలలోనే ఇక్కడికి వచ్చారు, ఎయిర్‌పోర్టులో బీప్ మోగింది. డాక్టరు ఇచ్చిన కాగితం చూపిస్తే వదిలారు. అది లేకుండా ప్రయాణం చేయకండి.

మిరప చేను (పల్నాడు) · 12:30

నాదొక చిన్న ప్రశ్న. వేరుశనగలో టాగ్ 24 రకం బాంబేలో అణు కేంద్రం వాళ్లు చేశారంటారు. అందులో రేడియేషన్ ఉన్నట్టా?

పెద్ద మాస్టారు · 12:48

లేదండీ. విత్తనాల మీద రేడియేషన్ పంపితే వాటి జన్యువుల్లో రకరకాల మార్పులొస్తాయి. చాలావరకు పనికిరానివి. పనికొచ్చేవి ఏరి, తరతరాలు పండించి, ఒకదానితో ఒకటి సంకరం చేసి ట్రాంబేలో ఆ రకాన్ని 1990ల మొదట్లో విడుదల చేశారు. పొట్టి మొక్క, తొందరగా కోతకొస్తుంది. లైటు కింద నిలబడి వచ్చినవాడు లైటయిపోడు కదా, ఇదీ అంతే. మొలకలు రాకుండా కోబాల్ట్ గామా కిరణాలు పెట్టే ఉల్లిపాయలూ అంతే. ఇంజెక్షన్ సిరంజీలు కూడా చాలావరకు అలాగే శుద్ధి చేస్తారు.

కడప రాయి · మధ్యాహ్నం 2:05

అంతా చదివాను. అందరూ చివరి మెట్టు గురించే మాట్లాడుతున్నారు. మొదటి మెట్టు మా జిల్లాలో ఉంది.

తుమ్మలపల్లె దగ్గర యురేనియం రాయిలో టన్నుకి అరకిలో కూడా ఉండదు. సున్నపురాయి జాతిది కాబట్టి యాసిడ్ పోస్తే పనికాదు, సోడియం కార్బొనేట్‌తో వేడి మీద, ఒత్తిడి మీద కరిగించి తీస్తారు. తీసింది హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీకి పోతుంది. అక్కడ బిళ్లలు చేసి, జిర్కోనియం గొట్టాల్లో పెట్టి, అరమీటరు పొడవు కట్టలు కడతారు. మణుగూరులో గోదావరి నీళ్లలోంచి భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు, తీస్తారు. ఆ కట్ట, ఆ భారజలం కలిస్తే రియాక్టరు. మన రెండు రాష్ట్రాల్లో ఇంత పని జరుగుతున్నా ఒక్క అణు కరెంటు కేంద్రమూ లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కడతామని ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

మరి ఆ టన్నులో మిగిలినదంతా ఎక్కడికి పోతుంది? పిండి చేసి బురదగా చెరువులో పోస్తారు. యురేనియం తీసేసినా దాని పిల్లలు, అంటే అది విఘటనం చెందుతూ పుట్టించిన మూలకాలు, రేడియంతో సహా, ఆ బురదలోనే ఉంటాయి. ఆ రేడియం 226 అర్ధాయువు 1,600 ఏళ్లు. స్మోక్ డిటెక్టర్‌లో కంటికి కనబడని చుక్కకి తాళం వేయమన్నారు, సంతోషం. మరి ఆ చెరువుకి తాళం ఎవరు వేస్తారు?

పెద్ద మాస్టారు · 2:40

న్యాయమైన మాట. నేను పాఠంలో ఆ భాగం ఎప్పుడూ చెప్పలేదు, సిలబస్‌లో లేదు కాబట్టి. చెరువు అడుగున మట్టి, ప్లాస్టిక్ పొర వేయాలి, చుట్టూ బోర్ల నీళ్లు పరీక్షిస్తూ ఉండాలి. ఆ పరీక్షల అంకెలు ఊళ్లో అర్థమయ్యే తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టాలి. పొర వేసినంత ముఖ్యం అది.

కడప రాయి · 2:52

ఆ గోడ మాట మీరు అన్నందుకు దండం మాస్టారూ. 2019లో నల్లమలలో యురేనియం వెతుకుతామంటే అంత గొడవ జరిగి, తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేయాల్సి వచ్చిందంటే, దానికి సగం కారణం ఎవరూ ఏదీ విడమరిచి చెప్పకపోవడమే. నేను అణు కరెంటుకి వ్యతిరేకిని కాదు. బొగ్గు బూడిద కూడా ముద్దనూరు థర్మల్ కేంద్రం పక్కన చూస్తున్నాను.

కరెంటు శీను · సాయంత్రం 6:20

అన్నా బాబ్జీ అన్నా, ఒక చిక్కొచ్చింది. పాత ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రిజిస్టరు తీశాను, సీరియల్ నంబర్లతో సహా ఉన్నాయి. మొత్తం 41. సంచి బోర్లించకుండా ఒక్కొక్కటీ తీసి రెండుసార్లు లెక్కపెట్టాను. 40 ఉన్నాయి.

ఎన్డీటీ బాబ్జీ · 6:27

పాత ఇనుము వాడు శాంపిల్ తీసుకెళ్లాడేమో కనుక్కో. సీలింగ్ పైన వేలాడుతోందేమో చూడు. ఇవాళే చూడు.

నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్తా. మా ఇరీడియం సోర్సు పెన్ను క్యాపు చివరంత ఉండదు. దాన్ని పెట్టే పెట్టెని కెమెరా అంటాం, దాని బరువంతా క్షీణించిన యురేనియం కవచానిది. యురేనియాన్నే అడ్డుగోడగా వాడతాం, సీసం కంటే సాంద్రత ఎక్కువ కాబట్టి. రాత్రిపూట జనం లేనప్పుడు, ఎవరూ రాకుండా చుట్టూ తాడు కట్టి, దూరం నుంచి హ్యాండిల్ తిప్పి సోర్సుని బయటికి పంపి, మళ్లీ లోపలికి లాగి, రేడియేషన్ మీటరు పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి అది నిజంగా లోపలికొచ్చిందా అని చూస్తాం. హ్యాండిల్ తిప్పాను కదా, వచ్చేసి ఉంటుందిలే అనుకున్నవాడి వేళ్లు పోయిన కేసులు మాకు ట్రైనింగులో మొదటి రోజే చూపిస్తారు. కనబడనిదాన్ని లెక్కతోనే పట్టుకోవాలి.

2010లో ఢిల్లీ మాయాపురిలో ఏం జరిగిందో గుర్తుందా? ఒక యూనివర్సిటీ ల్యాబులో ఏళ్లుగా మూలన పడున్న గామా యంత్రాన్ని వేలంలో అమ్మేశారు. పాత ఇనుము కొట్టులో కోసేశారు. లోపల కోబాల్ట్ 60. ఒకడు చనిపోయాడు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. 1987లో బ్రెజిల్‌లో గోయానియాలో మూసేసిన ఆసుపత్రిలోంచి సీజియం 137 తీసుకెళ్లారు. చీకట్లో నీలంగా మెరుస్తోందని ముచ్చటపడి చుట్టాలకి పంచిపెట్టారు. నలుగురు పోయారు, అందులో ఆరేళ్ల పాప ఒకతి. నీ డిటెక్టరు వాటి ముందు దోమ. దోమే. కానీ అలవాటు ఒకటే.

కోనసీమ కొంటెకోణంగి · 6:40

ఇక జోకులు వేయను. శీనన్నా, దొరికిందా?

కరెంటు శీను · రాత్రి 8:55

దొరికింది. సీలింగ్ పైన లేదు, పాత ఇనుము వాడి దగ్గరా లేదు. మొదట నాకు స్టిక్కరు చూపించిన మా కుర్రాడే ఒకటి ఇంటికి పట్టుకెళ్లాడట. వాడి చెల్లెలు తొమ్మిదో తరగతి, స్కూల్లో సైన్స్ ఫెయిరు ఉందట. "ఫైర్ అలారం ఎలా పనిచేస్తుంది" అని విప్పి చూపిస్తుందట.

నేను అడుగుతుంటే వాడి మొహం తెల్లబోయింది. ఇద్దరం బండి మీద బోరబండ దాకా ఎలా వెళ్లామో తెలీదు. ఆ పిల్ల చాప మీద న్యూస్ పేపరు పరిచి, దాని మీద డిటెక్టరు పెట్టుకుని, స్క్రూడ్రైవరుతో కూర్చుని ఉంది. పైడొప్ప మూడు స్క్రూలది. రెండు తీసి పక్కన గిన్నెలో వేసింది.

మూడోది తుప్పు పట్టి రాలేదట.

హాట్‌ల్యాబ్ అక్క · 9:03

అమ్మయ్య. తిట్టావా పిల్లని?

కరెంటు శీను · 9:15

లేదక్కా. మీరంతా చెప్పింది నాకు గుర్తున్నంతలో చెప్పాను. తామరాకు బొట్టు దగ్గర ఆగిపోయి మాస్టారు గారిని అడగమంది: రెండు బొట్లూ సమానంగా ఎందుకు విడిపోవు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఎందుకని?

పెద్ద మాస్టారు · 9:30

ఆ ప్రశ్న ముప్పై ఏళ్లలో నన్నెవరూ అడగలేదు. నీటిబొట్టు పోలిక ఒక్కటే పట్టుకుంటే అవి సమానంగానే విడిపోవాలి. కేంద్రకం లోపల ప్రోటాన్లు, న్యూట్రాన్లు కొన్ని ప్రత్యేక సంఖ్యల దగ్గర బిగుసుకుని కూర్చుంటాయి, 50, 82 అలాంటివి. పెద్ద ముక్క ఆ అంకెల చుట్టుపక్కలే తేలడానికి మొగ్గుతుంది, మిగిలింది చిన్న ముక్కకి పోతుంది. దీని మీద ఇప్పటికీ పరిశోధన జరుగుతోందని చెప్పండి. చార్టు వేసుకోమనండి, డిటెక్టరు బొమ్మ గీసుకుంటే చాలు. బొమ్మలు నేను పంపుతాను.

కరెంటు శీను · శుక్రవారం సాయంత్రం 5:10

అప్‌డేట్. బాబ్జీ అన్న చెప్పినట్టు మోడల్, సీరియల్ నంబర్లు, స్టిక్కరు మీద ఉన్న పరిమాణం, సంఖ్య రాసి ఆ కంపెనీ ఇండియా ఏజెంటుకి మెయిల్ పెట్టాను, ముంబైలో అణు భద్రత చూసే ప్రభుత్వ బోర్డు ఏఈఆర్‌బీకి కాపీ పెట్టాను. ఓనరు గారు మొదట నసిగాడు గానీ మాయాపురి కథ చెప్పాక సంతకం పెట్టాడు. ఇవాళ ఏజెంటు నుంచి జవాబొచ్చింది. వెనక్కి తీసుకుంటారట, ప్యాకింగు ఎలా చేయాలో కాగితం పంపారు. అందాకా షెడ్డులోనే.

రోజూ పొద్దున్నే లెక్కపెడుతున్నాను. 41.